పేస్‌మేకర్ తరువాత మళ్ళీ బరువులు: బిల్లు కట్టడంతో ముగియని పని

అల్లాహ్ దయవల్ల మన సంఘం వైద్య సహాయ నిధి గుండె రోగులకు సాయపడటం మొదలుపెట్టి కొన్నేళ్ళయింది. ఎంత వసూలైంది, ఎవరికెంత ఇచ్చాం అన్న లెక్క ఏటా ఈ సంచికలో దాతల ముందు పెడుతున్నాం. ఈ వ్యాసం మాత్రం ఆ లెక్కలో కనబడని సంగతి గురించి. ఆపరేషన్ బిల్లు కట్టి, మనిషిని ఇంటికి చేర్చి, అల్‌హమ్‌దులిల్లాహ్, మన పని అయిపోయింది అనుకున్నచోట మేము పొరపాటు పడ్డాం.

మా పేటలో పరుపులు కుట్టే కొట్టున్న సోదరుడొకరు ఉన్నారు. తన సంగతి రాయడానికి ఒప్పుకున్నారు గాని పేరు వద్దన్నారు. పిల్లలంతా పరుపుల చాచా అంటారు కనుక ఇక్కడా అలాగే పిలుచుకుందాం. వయసు 54. పద్దెనిమిదో ఏటి నుంచి పాత తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసి, ముగ్దర్లు తిప్పిన ఒళ్ళు. తాలింఖానా మూతపడి ఆ స్థలంలో దుకాణాలు లేచాక, దగ్గరలోని జిమ్‌లో చేరి కుర్రాళ్ళ మధ్య బార్‌బెల్ ఎత్తేవారు. వెల్లకిలా పడుకుని 70 కిలోలు ఎత్తడం ఆయనకు మామూలు. దూది బేళ్ళు దించడం, డబుల్ కాట్ పరుపును రెండో అంతస్తుకు మోయడం ఆయన దృష్టిలో అసలు వ్యాయామం కిందికే రావు.

నిరుడు ఒక పొద్దున కొట్లోనే కళ్ళు తిరిగి పడిపోయారు. ఆసుపత్రిలో చూస్తే నాడి నిమిషానికి 35. గుండెలో పూర్తి అడ్డు ఏర్పడింది, పేస్‌మేకర్ పెట్టాలన్నారు. ఎడమ ఎదపైన, కాలర్ ఎముక కింద పెట్టారు. ఖర్చులో కొంత కుటుంబం పెట్టుకుంది, మిగతాది మన నిధి ఇచ్చింది. నాలుగో రోజుకు ఇంటికొచ్చారు.

రెండు నెలల తరువాత ఒక జుమా రోజు సఫ్‌లో మా పక్కన నిలబడ్డారు. తక్బీర్‌కు కుడిచేయి చెవి దాకా వెళ్ళింది, ఎడమచేయి పొట్ట దగ్గరే ఉండిపోయింది. నమాజు తరువాత అడిగితే, ఎత్తబోతే భుజంలో కత్తి దింపినట్టు ఉంటుందన్నారు. ఇంట్లో భాభీ బిందె ముట్టుకోనివ్వడం లేదు, కొట్లో కొడుకు పరుపు ముట్టుకోనివ్వడం లేదు. జిమ్ వాళ్ళు ఫీజు తిరిగి ఇచ్చేశారు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ కొత్త నిషేధం ఒకటి చెప్పి వెళ్ళారట. "పరుపెత్తలేనివాడికి పరుపుల కొట్టెందుకు, మాస్టర్ సాబ్?" అన్నారు. రెండు నెలల్లోనే తొడలు సన్నబడ్డాయి, మెట్లెక్కితే ఆయాసం. ఆ ఆయాసం చూసి గుండె ఇంకా బాగుపడలేదని ఇంట్లోవాళ్ళు మరింత భయపడుతున్నారు. బాగుపడనిది గుండె కాదు, వాడక కరిగిపోయిన కండ.

ఆసుపత్రి ఇచ్చిన కాగితం తెచ్చి చూపమన్నాం. మందుల జాబితా కింద ఒకే ఒక్క వాక్యం: బరువులు ఎత్తరాదు. ముప్పై ఏళ్ళుగా పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్న చేతికి ఆ వాక్యం పక్కన మూడు ప్రశ్నార్థకాలు పెట్టాలనిపించింది. ఎంత బరువు? ఎన్నాళ్ళు? ఏ చేతితో? ఆ ముగ్గురు సమాధానం చెప్పేవాళ్ళు లేకపోవడం వల్లనే ఆరు వారాల జాగ్రత్త జీవితకాలపు శిక్షగా మారింది. మేమూ బిల్లు చూశాం తప్ప ఆ కాగితం చదవలేదు. తరువాత చాచాను తీసుకుని మరో గుండె వైద్యుడి దగ్గరికి, ఫిజియోథెరపీ నిపుణుడి దగ్గరికి తిరిగాం. అక్కడ నేర్చుకున్నదే ఈ పాఠం.

మొదట గుండె ఎలా కొట్టుకుంటుందో చూద్దాం. ఈద్‌గాహ్‌లో జమాత్ పెద్దదైతే ఇమాం గొంతు వెనక సఫ్‌లకు వినబడదు. మధ్యలో ముకబ్బిర్ నిలబడి ఆయన తక్బీర్‌ను అందుకుని వెనకవాళ్ళకు అందిస్తాడు. గుండెలోనూ అంతే. పై కుడి గదిలో ఉండే చిన్న కణాల గుంపు ఇమాం వంటిది. విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు సంకేతం ఇస్తుంది. పై గదులకూ కింది గదులకూ మధ్యనున్న మరో గుంపు ముకబ్బిర్. చాచా గుండెలో ఇమాం బాగానే ఉన్నాడు, ముకబ్బిర్ మూగబోయాడు. కింది గదులు పైనుంచి కబురందక తమకు తోచిన నిదాన వేగంతో కొట్టుకున్నాయి. పేస్‌మేకర్ కొత్త ముకబ్బిర్. ఒక తీగతో పై గది సంకేతాన్ని వింటుంది, ఇంకో తీగతో కింది గదికి అందిస్తుంది. అది లయను కాపాడుతుంది, అంతే. బలం ఇవ్వదు, బలాన్ని తీసుకోదు.

ఇది కొత్త వింతేమీ కాదు. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ దగ్గర కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఆర్నె లార్సన్ అనే రోగికి మొట్టమొదటి పేస్‌మేకర్‌ను శరీరం లోపల అమర్చారు. ఆ యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఆయన తరువాతి కాలంలో ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికారు. ఆయనకు ఆపరేషన్ చేసిన వైద్యుడూ, యంత్రం తయారుచేసిన ఇంజనీరూ ఆయనకంటే ముందే కన్నుమూశారు.

ఇక ఆ మూడు ప్రశ్నలు. జాగ్రత్త అంతా తీగ కోసం. పెట్టె బరువు సుమారు 20 నుంచి 30 గ్రాములు, చర్మం కింద సంచిలా కుట్టిన చోట కూర్చుంటుంది. దాని నుంచి బయలుదేరిన తీగ కాలర్ ఎముక కింది రక్తనాళంలో దూరి గుండె లోపలికి పోతుంది. దాని కొసను సన్నని మరతోనో, చిన్న ముళ్ళ వంటి కొక్కేలతోనో గుండె గోడకు తగిలిస్తారు. చుట్టూ కండ పెరిగి పట్టు బిగిసేదాకా కొన్ని వారాలు ఆ కొస కదిలిపోయే అవకాశం ఉంది. అందుకే తొలి నాలుగు నుంచి ఆరు వారాలు, యంత్రం ఉన్న వైపు మోచేతిని భుజం కంటే పైకి లేపవద్దనీ, ఆ చేత్తో నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దనీ, విసురుగా లాగవద్దనీ చెబుతారు. అంటే ఎంత బరువు అన్నదానికీ, ఎన్నాళ్ళు అన్నదానికీ, ఏ చేయి అన్నదానికీ జవాబు ఉంది. నడకకు అడ్డు లేదు. భుజం కిందుగా చేతిని ఊపుకోవచ్చు, అన్నం తినవచ్చు, చొక్కా వేసుకోవచ్చు. అలా ఊపుకోవాలి కూడా. అసలు కదపకపోతే భుజం కీలు బిగుసుకుపోతుంది. చాచాకు జరిగింది అదే. తీగ చక్కగా ఉంది, భుజమే పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి గోడ మీద వేళ్ళతో పాకించడం, కప్పీకి తాడు వేసి మంచి చేత్తో రెండో చేతిని లేపడం వంటివి మూడు నెలలు చేయించారు. మొదటి వారం ఆయన ఏడ్చినంత పని చేశారు.

నమాజు సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాం. మన ఇమాం సాబ్‌ను అడిగితే, తక్బీర్‌కు చేతులు చెవుల దాకా ఎత్తడం సున్నత్, వైద్యుడు వద్దన్న రోజుల్లో లేచినంత వరకే ఎత్తినా నమాజుకు లోపం లేదన్నారు. సజ్దాలో ఎడమచేతి మీద ఒళ్ళంతా మోపి లేవడం కష్టమైతే కుర్చీలో కూర్చుని సైగతో చేయవచ్చన్నారు. ఇది తెలియక ఆరు వారాలు మస్జిద్‌కే రాని వాళ్ళు మన పేటలో ఉన్నారు. సగం తక్బీర్ ఏమిటని వెనకనుంచి గొణిగినవాళ్ళూ ఉన్నారు.

జిమ్‌కు తిరిగి వెళ్ళేముందు వైద్యుడు రెండు చూశారు. ఒకటి యంత్రం పరీక్ష. చర్మం మీద చిన్న పరికరం ఆనించి, తీగ పట్టు సరిగా ఉందా, బ్యాటరీ ఎంతుంది, ఎన్ని కొట్టులు యంత్రం ఇచ్చింది అన్నది చదువుతారు. రెండోది గుండె స్కానింగ్. లయ మాత్రమే దెబ్బతిని గుండె కండ బలంగా ఉన్నవాళ్ళ దారి వేరు. కండే బలహీనపడినవాళ్ళ దారి, రక్తనాళాల్లో పూడికలున్నవాళ్ళ దారి వేరు. ప్రమాదకరమైన లయను షాక్ ఇచ్చి ఆపే యంత్రం వేరే ఉంది. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి గాని, దాన్ని పెట్టుకున్నవాళ్ళు నాడి ఎంతవరకు పెరగవచ్చో ముందే తెలుసుకుని తీరాలి. చాచా స్కానింగ్ మామూలుగా వచ్చింది. భుజం కూడా వచ్చాక, బరువులు మొదలుపెట్టమన్నారు.

మొదలు కాళ్ళతో. ఇక్కడ చాచాకు ముఖం వెలిగింది, ఎందుకంటే నిపుణుడు ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పి చేసి చూపించినవి మన బస్కీలే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ముందు, తరువాత సగం బస్కీలు పది. చేతులకు 2 కిలోల డంబెల్స్. అంతకు ముందు 70 కిలోలు ఎత్తిన మనిషి చేతిలో అవి పిల్లల ఆటవస్తువుల్లా ఉండేవి. జిమ్ కుర్రాళ్ళు చూడకూడదని ఫజ్ర్ తరువాత ఎవరూ లేని వేళ వెళ్ళేవారు. గుండె రోగులు మొదట్లో, ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో చేతులకు మూడో వంతు, కాళ్ళకు సగం దాకా చాలని వైద్యులు అంటారు. గరిష్ఠం ఎంతో పరీక్షించి చూడనక్కరలేదు. ముఖం బిగించకుండా 12 నుంచి 15 సార్లు ఎత్తగలిగితే అది సరైన బరువు. తేలికైపోయిందనిపిస్తే ముందు లెక్క పెంచాలి, ఆ తరువాత బరువు. రెండూ ఒకే వారంలో పెంచకూడదు.

ఊపిరి సంగతి మీద నిపుణుడు గట్టిగా పట్టుబట్టారు. పాత తాలింఖానా ఉస్తాదులు ఊపిరి బిగపట్టి ఎత్తమనేవారు. ఊపిరి బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగదన్ని, వదలగానే పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి. చాచా దీనికి తనదైన ఉపాయం కనిపెట్టారు. ఎత్తుతున్నప్పుడు బిస్మిల్లాహ్ అని పైకి అనాలి. గొంతు పెగలకపోతే బరువు ఎక్కువైనట్టు.

వారానికి రెండు రోజులు, మధ్యలో విరామంతో. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెప్పింది కూడా ఇదే: వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని, దానితోపాటు 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. మన దగ్గర నడక ఒక్కటే వ్యాయామమనుకుంటారు. యాభై దాటాక కండ తనంతట తానే తగ్గుతుంది, షుగర్ ఉంటే ఇంకా త్వరగా. సజ్దా నుంచి గోడ పట్టుకోకుండా లేవడానికి కావలసింది నడక కాదు, తొడల బలం.

కొన్ని మాత్రం చాచా వదులుకోవలసి వచ్చింది. తీగ కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య ఇరుకులోంచి పోతుంది. చేతులు పైకెత్తి పదేపదే బరువు నెట్టడం, కడ్డీకి వేలాడటం వంటివి ఏళ్ళ తరబడి చేస్తే ఆ ఇరుకులో తీగ నలిగి అరిగిపోవచ్చు. కడ్డీని కాలర్ ఎముక మీద ఆనించి బస్కీలు తీయడం, ఛాతీ మీద కడ్డీని తాకించి ఎగరేయడం యంత్రానికి దెబ్బ. దండీలు గోడకు చేతులానించి మొదలుపెట్టి బల్ల అంచు దాకా వచ్చాయి, నేల మీదికి ఇంకా దిగలేదు. ముగ్దర్లను తల వెనకనుంచి తిప్పడం ఇక వద్దన్నారు. ఆ జత వాళ్ళ నాన్నగారిది. దాన్ని నూనె రాసి తుడిచి, కొట్లో గల్లాపెట్టె వెనక నిలబెట్టారు. ఎవరైనా అడిగితే ఇవ్వరు.

జిమ్‌లో బరువులకంటే యంత్రాలతోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒంట్లో కొవ్వు శాతం చెప్పే తూనిక యంత్రం శరీరంలోకి సన్నని కరెంటు పంపి లెక్కగడుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దాన్ని ఎక్కకూడదు. కరెంటు తగిలించి కండలు అదిలించే బెల్టులూ అంతే. సెల్‌ఫోన్ ఎడమ జేబులో పెట్టకూడదు, యంత్రానికి 15 సెంటీమీటర్ల కంటే తక్కువ దూరంలో ఉంచకూడదు, కుడి చెవి దగ్గర మాట్లాడాలి. మన ఆడవాళ్ళకు ఒక మాట. హిజాబ్‌కు పెట్టుకునే అయస్కాంతపు పిన్నులు ఇప్పుడు ప్రతి గాజుల కొట్లోనూ దొరుకుతున్నాయి. అవి చిన్నవైనా శక్తిగలవి, పెట్టుకునేది సరిగ్గా కాలర్ ఎముక దగ్గరే. అయస్కాంతం దగ్గరగా వస్తే యంత్రం తన మామూలు పద్ధతి వదిలి వేరే తీరుకు మారవచ్చు. మామూలు గుండుసూది చాలు.

నిధి సాయం పొందిన ఒక ఆపా అనుభవం కూడా చెప్పాలి. ఆమెది వేరే జబ్బు, ఇమామే నిదానించాడు. యంత్రం పెట్టాక నడిస్తే హాయిగా ఉండేది, మోకాళ్ళ నొప్పికని కొడుకు కొనిచ్చిన కదలని సైకిలు తొక్కితే మాత్రం పది నిమిషాలకే ఆయాసం. ఇంట్లోవాళ్ళు సైకిలు మూలన పెట్టేశారు. తీరా చూస్తే, ఆమెకు పెట్టిన రకం యంత్రం ఒంటి కదలికను బట్టి వేగం పెంచుతుంది. నడిస్తే ఛాతీ కదులుతుంది. సైకిలు మీద కాళ్ళే తిరుగుతాయి, ఛాతీ నిలకడగా ఉంటుంది. ఆమె కూర్చుని ఉందనుకుని యంత్రం వేగం పెంచలేదు. పడుకుని బరువులెత్తేవాళ్ళకూ ఇదే జరగవచ్చు. సంగతి చెప్పగానే పరీక్షలో దాని అమరిక మార్చారు, సైకిలు మళ్ళీ హాల్లోకి వచ్చింది. యంత్రానికి పై హద్దు కూడా ఒకటి పెడతారు. ఇమాం మరీ వేగంగా చదివితే ముకబ్బిర్ కొన్నిటిని వదిలేసినట్టు, గట్టి శ్రమలో నాడి ఆ హద్దు దాటితే కొన్ని సంకేతాలు కిందికి అందవు, ఒక్కసారిగా నీరసం వస్తుంది. బరువులెత్తే అలవాటున్నవాళ్ళు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. మనవాళ్ళు, ఈ వయసులో జిమ్ ఏమిటంటారని సిగ్గుపడి దాచేస్తారు.

కుట్టు దగ్గర వాపు, ఎరుపు, చీము, జ్వరం, ఆ వైపు చేయి వాయడం, కళ్ళు తిరగడం, ఆగని వెక్కిళ్ళు, ఎద కండరం టకటక అదరడం. వీటిలో ఏది కనబడినా బరువు దించి ఆసుపత్రికి వెళ్ళాలి. వెక్కిళ్ళను ఎవరూ పట్టించుకోరు. తీగ కదిలి ఊపిరితిత్తుల కింది పొరను తాకుతున్నా అవి వస్తాయి. ఈ వ్యాసంలో చెప్పిన వారాలూ కిలోలూ చాచాకు చెప్పినవి, సాధారణంగా చెప్పేవి. ఎవరి లెక్క వాళ్ళ వైద్యుడు చెప్పాలి.

ఇప్పుడు దాతలకు డబ్బు మాట. పేస్‌మేకర్ బ్యాటరీ వాడకాన్ని బట్టి ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు వస్తుంది. దాన్ని ఛార్జి చేయలేరు, పెట్టెనే మార్చాలి. కాబట్టి మనం సాయం చేసిన ప్రతి మనిషికీ పదేళ్ళ నాటికి మళ్ళీ ఖర్చుంది, దాన్ని ఇప్పటినుంచే పక్కన పెట్టుకోవాలి. అంతకంటే ముందు, ఏటా ఒకటి రెండు సార్లు యంత్రం పరీక్షకు పట్నం వెళ్ళిరావాలి. చార్జీలూ ఆ రోజు కూలీ పోతాయని మానేసేవాళ్ళున్నారు. భుజం బిగుసుకున్నాక ఫిజియోథెరపీకి చాచా పెట్టిన ఖర్చులో మన నిధి ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఎందుకంటే ఆ పద్దే మన పుస్తకంలో లేదు. ఈ ఏడు కమిటీ ఆ పద్దు తెరిచింది. ఇకమీదట ఆపరేషన్‌కు సాయం మంజూరు చేసినప్పుడే మూడు నెలల ఫిజియోథెరపీకీ, మొదటి ఏడాది పరీక్షలకూ విడిగా కేటాయిస్తాం. మూడు ప్రశ్నలూ ముద్రించిన ఒక కాగితం తెలుగులోనూ ఉర్దూలోనూ ఇచ్చి, ఇంటికి పంపేముందు వైద్యుడి చేత జవాబులు రాయిస్తాం. ఒప్పుకోని వైద్యుడు ఇప్పటిదాకా తగల్లేదు, అడిగినవాళ్ళే లేరు.

చాచా ఇప్పుడు పడుకుని 30 కిలోలు ఎత్తుతున్నారు. పరుపులకు ఒక కొస తాను, ఇంకో కొస కొడుకు. తక్బీర్‌కు రెండు చేతులూ చెవుల దాకా వస్తున్నాయి, ఎడమది కాస్త ఆలస్యంగా. మొన్న అసర్ తరువాత మమ్మల్ని ఆపి, "మాస్టర్ సాబ్, 40కి ఎప్పుడు పోవచ్చు?" అని అడిగారు. వచ్చే నెల పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు గారినే అడగమన్నాం. చార్జీలు కొత్త పద్దులోంచి ఇచ్చాం, రసీదు తీసుకున్నాం.